నలభై ఏడు నిమిషాల మైకు పరీక్ష

“తాళం ఎలా తీయాలో చెప్పండి” అని రిపేరక్క అడగ్గానే జనం ముందు అటూ ఇటూ చూస్తారు. గొంతు తగ్గిస్తారు. ఆ తర్వాత బల్ల మీదికి వంగి, వెనక నిలబడ్డ నలుగురికీ శుభ్రంగా వినపడేలా నాలుగంకెలూ చెప్పేస్తారు. ఆమె వాటిని కాగితం ముక్క మీద రాసి ఫోను వీపున అతికిస్తుంది. నూటికి అరవై మందివి పుట్టిన సంవత్సరాలే. మిగతా నలభై మందికి ఒకటి, రెండు, మూడు, నాలుగును మించిన లెక్క ఒకటి ఉందని తెలిసినట్టే లేదు.

“ఇంటి తాళంచెవి వీధి గుమ్మానికి వేలాడదీసి, లోపల కుక్కను పెంచుకునే బాపతు” అంటుంది అక్క, వాళ్లు మెట్లు దిగాక.

ఆమె కొట్టు ఒక గదిలో సగం. ఒక బల్ల, భూతద్దం బిగించిన దీపం, స్క్రూలు దొర్లిపోకుండా అడుగున అయస్కాంతం పెట్టిన రేకు పళ్లెం, వేడిగాలి కొట్టే మిషను. మిగతా సగం గది కుట్టుమిషను వదినది. మధ్యలో గోడ లేదు, ఒక పరదా ఉంది. ఆ పరదాకు కూడా ఒక పక్క రింగులు ఊడిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఇటు నుంచి ఫోన్లూ అటు నుంచి జాకెట్లూ బాగుపడి బయటికి వెళుతున్నాయి. వాటిని తెచ్చే జనం మాత్రం ఏమీ బాగుపడలేదని ఇద్దరి అభిప్రాయం.

అక్కకు లోకమంటే అంత చులకన ఊరికే రాలేదు. వెనకటికి ఆమె టెలిఫోను ఆఫీసులో లైన్లు పరీక్షించే ఉద్యోగం చేసింది. చెవికి గొట్టం తగిలించుకుని పదకొండేళ్ల పాటు ఊరి మాటలన్నీ ముక్కలు ముక్కలుగా విన్నది. ఆ ఆఫీసు మూతపడ్డాక ఈ కొట్టు పెట్టింది. అప్పుడు విన్నది, ఇప్పుడు చూస్తోంది, అంతే తేడా. కెమెరాలు నాలుగున్న ఫోను కొని, దాంతో జీవితమంతా తమ పళ్లెంలోని తిండినే ఫొటోలు తీసేవాళ్లను చూసింది. అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా చెయ్యి ఊపుతూ ఆరోగ్యం సంపాదించే పెద్దమనిషిని చూసింది. ఆ వాచీ సాయంత్రానికి అతన్ని మెచ్చుకుంటుంది కూడా. మనిషికి సిగ్గు లేకపోతే వాచీకి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్క విషయంలో మాత్రం అక్కను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఫోనులో ఏం కనపడినా ఆమె నోరు మెదపదని పేరు. ఆ పేరు విని ఊరి అవతల నుంచి కూడా ఆడవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. “రిపేరక్క కడుపులో పడ్డ మాట మళ్లీ బయటికి రాదు” అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ ఒక్క పేరు మీదే ఆ కొట్టు నడుస్తోంది. ఆమె పనితనం గొప్పదే, కానీ అంత పనితనం ఉన్నవాళ్లు ఊళ్లో ఇంకో ముగ్గురున్నారు.

అయితే ఆ పేరులో ఒక చిల్లు ఉంది. కుట్టుమిషను వదినకు చెబితే అది ఒకరికి చెప్పినట్టు కాదని, తనలో తాను అనుకున్నట్టేనని అక్క లెక్క. ఇరవై ఏళ్లలో ఆ చిల్లులోంచి ఎన్ని సంసారాలు అటు వెళ్లాయో ఆ పరదాకే తెలియాలి.

ఇక ప్లాస్టరు పెద్దాయన సంగతి. ఏదో ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన గుమాస్తా. ఫోను కెమెరా తనను చూస్తోందని, దాని మీద గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క అంటించాడు కనక ఆ పేరు. రోజూ పదిన్నరకు వచ్చి కొట్టు ముందు స్టూలు మీద కూర్చుంటాడు. ఆ రోజు వచ్చిన కొత్త సరుకుల వార్తలన్నీ పైకి చదువుతాడు. చదివి, వాటి మీద తన అభిప్రాయం చెబుతాడు. అడిగినవాళ్లు లేకపోయినా చెబుతాడు.

“చూశావా అమ్మా! కొత్త ఫ్రిజ్ వచ్చిందట. తలుపు ఎన్నిసార్లు తీశామో కంపెనీకి చేరవేస్తుందట.”

“మా ఇంట్లో ఆ పని మా అత్తగారు చూసుకుంటారు బాబాయ్ గారూ. కరెంటు కూడా ఖర్చు కాదు.”

“నవ్వులాట కాదు. మనం మాట్లాడుకునేదంతా ఫోను వింటోందట!”

“మీ మాట వినేవాళ్లు ఒకళ్లు దొరికారంటే సంతోషించాలి గానీ, గొడవెందుకు?”

పరదా అవతల మిషను ఆగి, వదిన కిసుక్కున నవ్వు వినపడేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. కళ్లజోడు సర్దుకుని రెండో వార్తలోకి వెళ్లేవాడు.

ఒక సోమవారం ఆయన ఫోను పట్టుకుని కంగారుగా వచ్చాడు. మైకు పోయింది. “నా మాట అవతలివాళ్లకు వినపడట్లేదమ్మా” అన్నాడు.

“అదృష్టవంతులు” అని అక్క ఫోను అందుకుంది. తాళం తీయడానికి తొమ్మిది చుక్కల మధ్య గీసే గీతను ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ గీశాడు. గీసి, ఆ కాగితం ఆమెకే ఇచ్చి వెళ్లాడు. ఆ రహస్యం ఎవరి నుంచి దాచాడో భగవంతుడికే తెలియాలి.

మైకు మార్చడం పావుగంట పని. మార్చాక పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఫోనులో గొంతు రికార్డు చేసే బొమ్మ నొక్కి, దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి, బోర్లాపెట్టి ఒకసారి “ఒకటి, రెండు, మూడు” అని చెప్పి, విని, చెరిపేయాలి. అక్క తాళం తీసేసరికి తెర మీద ఒక కబురు కనపడింది. “నిఘా నేత్రం గారూ, మీ అభిప్రాయాన్ని సామాన్య పౌరుడు మెచ్చుకున్నారు” అని. నిఘా నేత్రం అంటే పెద్దాయనే, వార్తల కింద ఆ పేరుతో అభిప్రాయాలు రాస్తాడని వీధంతా తెలుసు. ఆయనే చెప్పుకున్నాడు. ఈ సామాన్య పౌరుడు ఎవరు?

అక్కడితో ఆగితే ఆమె పేరుకు తగ్గ పని చేసినట్టయ్యేది. ఆగలేదు. వేలు రెండు చోట్ల నొక్కింది. నిఘా నేత్రం, సామాన్య పౌరుడు రెండూ ఆ ఫోనులోంచే నడుస్తున్నాయి. ఆయనే రాసుకుంటాడు, కింద ఆయనే “కళ్లు తెరిపించారు సార్!” అని మెచ్చుకుంటాడు. రెండేళ్లుగా ఇదే వరస. మూడో మనిషి పలికిన దాఖలా ఎక్కడా లేదు.

అక్కకు నవ్వు ఆగలేదు. రికార్డు బొమ్మ నొక్కి, “ఒకటి, రెండు, మూడు” అని ఒకసారి చెప్పి, ఫోనును బోర్లాపెట్టి, “వదినా! ఇలా రా, ఇలా రా!” అని కేకేసింది. వదిన టీ గ్లాసులతో వచ్చింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. పెద్దాయన గొంతును అక్క అచ్చం ఆయనలాగే పలికింది. మెచ్చుకునేవాడి గొంతు వదిన పలికింది. ఆ మాట మీద ఇంకో మాట వచ్చింది. మందుల షాపు కోడలు ఫోను బాగుచేసినప్పుడు కనపడిన సంగతి. ఆ అమ్మాయి ఇంట్లో ఎవరికీ తెలియకుండా, వేరే ఊళ్లో, తనొక్కదానికే ఒంటిగది ఇల్లు వెతుక్కుంటోంది. దాని మీద వదిన చాలాసేపు ఆలోచించింది. అక్క ఇంకా చాలాసేపు వివరించింది.

ఆ మాటల్లో ఉండగానే నాలుగింటికి పెద్దాయన వచ్చాడు. అక్క ఫోను అద్దం తుడిచి చేతిలో పెట్టింది.

మంగళవారం ఆయన రాలేదు. “హమ్మయ్య, చెవులకు సెలవు” అంది అక్క. బుధవారమూ రాలేదు. పదకొండు గంటలకు ఎవరిదో ఇంకో ఫోను మైకు పరీక్షించి, రికార్డు చేసింది చెరిపేయడానికి వేలు ఎత్తింది. వేలు అక్కడే ఉండిపోయింది. సోమవారం తను ఏదీ చెరపలేదు. అసలు రికార్డింగు ఆపనే లేదు.

కొత్త మైకు, తనే ఏరి కోరి వేసిన మంచి మైకు. బోర్లాపెట్టినా చీమ చిటుక్కుమన్నది కూడా పట్టుకుంటుంది.

“వదినా, మన కొంప మునిగింది” అంది. వదినకు సంగతి తెలిసి, కత్తెర కింద పెట్టి, ముందు తన భయం చెప్పుకుంది. “అందులో నా గొంతు కూడా ఉందా?”

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. పెద్దాయన బీపీ మాత్రలు కొనేది ఆ మందుల షాపులోనే. వారానికోసారి అక్కడి బల్ల మీద కూర్చుని గంటసేపు వార్తలు చదువుతాడు. కసి తీర్చుకోవాలంటే ఆయన ఏమీ చెప్పక్కర్లేదు, ఒక్క బొమ్మ నొక్కితే చాలు. ఆ అమ్మాయి బతుకు నడివీధిలో పడుతుంది. ఆ వెనకే తన పేరూ పడుతుంది. అక్క ఈ రెంటినీ ఈ వరసలోనే తలచుకుందని చెబితే అబద్ధమవుతుంది. తన పేరే ముందు గుర్తొచ్చింది. అందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండుసార్లు ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. కొట్టు తలుపు దగ్గరికి లాగి బయల్దేరింది. దారిలో అబద్ధం ఒకటి తయారుచేసుకుంది. కొత్త మైకులో లోపం ఉందని కంపెనీ చెప్పింది, ఫోను ఒకసారి చూడాలి. ఎదుటివాళ్ల ఫోన్ల మీద ఇన్నేళ్లు ఇంత బతుకు బతికి, చివరికి ఒక ముసలాయన ఫోనును మోసంతో లాక్కోవడానికి మూడంతస్తుల మెట్లెక్కుతోంది. కంచే చేను మేసింది, ఇప్పుడు పైగా గడ్డి పరక కూడా మిగలకుండా చూడాలని తాపత్రయం.

ఆయనది ఒకటే గది. మంచం, మూలన పొయ్యి, దిండు గలీబు తొడిగిన పాత కంప్యూటరు. కుర్చీలు రెండున్నాయి గానీ రెండో కుర్చీ మీద పాత పత్రికలు మోకాలెత్తున పేరుకున్నాయి. దాంట్లో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్లయిందో. ఆయన వాటిని నేల మీదికి దించి, “కూర్చో అమ్మా” అన్నాడు.

“బాబాయ్ గారూ, ఆ మైకు ఉంది చూశారూ, కంపెనీవాళ్లు...”

“మైకు బాగా పనిచేస్తోంది” అన్నాడాయన. “ఆ రికార్డింగును ఎలా చెరపాలో తెలీక నీకోసమే చూస్తున్నా. ఫోను తీయాలంటే మాత్రం మొహం చెల్లలేదు.”

అక్క తల దించుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి చాపింది.

“ఉండు. గీత మార్చాను” అని ఆయన పక్కకు తిరిగి, ఫోనును గుండెలకు దగ్గరగా పెట్టుకుని తాళం తీశాడు. తీశాక ఇచ్చాడు. ఇరవై ఏళ్లలో ఆమె ముందు అలా పక్కకు తిరిగినవాళ్లు ఎవరూ లేరు. చెంప దెబ్బ తిన్నా అంత మంట ఉండదు.

రికార్డింగు తెరిచింది. మొత్తం నలభై ఏడు నిమిషాలు. వినడం ఆగిన చోట చిన్న గీత నిలబడి ఉంది. ఇరవై ఒకటో నిమిషం.

“మిగతాది... వినలేదా?”

“మందుల షాపు కోడలు అని మొదలుపెట్టావు. అక్కడే ఆపేశా. నన్ను అన్నదంటే నాది, విన్నాను. ఆ అమ్మాయి సంగతి నాది కాదు కదమ్మా.”

ఊళ్లో అందరూ నవ్వే ఆ చాదస్తం అంతా అక్క కళ్ల ముందు ఆ గీతగా నిలబడింది. పరాయి మాట వినకూడదని రోజూ స్టూలు మీద కూర్చుని అరిచే మనిషి, నాలుగ్గోడల మధ్య ఎవరూ చూడనప్పుడు నిజంగానే వినలేదు. ఎవరి రహస్యమూ బయటపెట్టదని పేరు మోసిన మనిషి పరదా చాటున ఇరవై ఆరు నిమిషాలు ఆ అమ్మాయి కాపురాన్ని విప్పి పరిచింది. అక్కకు ఏడుపొచ్చింది, కానీ ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది.

“ఆ సామాన్య పౌరుడు నేనే. అబద్ధమేం లేదు” అన్నాడాయన కిటికీలోకి చూస్తూ. “ఒకడు బాగుందంటే ఇంకొకడు చదువుతాడేమోనని మొదలుపెట్టా. చదవలేదు. మానేద్దామంటే వాడొక్కడే కదా, పోనీలే అనిపించింది.”

అక్క చెరిపేసింది. “పోయిందా?” అన్నాడు.

పోయిందని చెప్పి లేచి వస్తే ఆయనకు తెలిసేది కాదు. “పోలేదు బాబాయ్ గారూ. చెత్తబుట్టలో నెల రోజులు ఉంటుంది. అక్కడా తీసేస్తున్నా, చూడండి” అని ఫోను ఆయన వైపు తిప్పి, ఆయన చూస్తుండగానే తీసేసింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి శ్రద్ధగా చూశాడు, తలాడించాడు.

“తప్పయిపోయింది. రేపు పదిన్నరకు వస్తారుగా?” అంది గుమ్మం దగ్గర. “ఆ చార్జింగు పెట్టేచోటు కూడా వదులైంది, ఇందాక చూశాను. ఊరికే బిగించి ఇస్తా.”

“అది బస్టాండు వెనకున్న రిపేరు కుర్రాడికి ఇస్తానని చెప్పానమ్మా.”

“వాడా? వాడు పని పాడు చేస్తాడు బాబాయ్ గారూ!”

“చేస్తాడు. నాకూ తెలుసు” అన్నాడు పెద్దాయన, నేల మీది పత్రికలు తీసి మళ్లీ ఆ కుర్చీ మీద పేరుస్తూ. “కానీ వాడికి నేనెవరో తెలీదు.”