ఏరు తగ్గిన మధ్యాహ్నం

ఎనభైల మొదట్లో, వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో ఒక హిమానీనదం దగ్గర రెండు వేసవులు పనిచేశాను. నాతో ఉన్న పరిశోధకుడు భీమవరం వైపువారు, నాకన్నా ఆరేళ్లు పెద్ద. ఆదివారం సియాటిల్‌లో ఎవరింట్లోనో జరిగే తెలుగు ప్రార్థనకు తప్పకుండా వెళ్లేవారు. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి.

ఎండకు మంచు పైపైన కరిగి వాగులు కడుతుంది. ఆ వాగులు మంచులో బావుల్లాంటి గుంతల్లోకి దూకి మాయమవుతాయి. ఆ నీళ్లలో మేం ఎర్రరంగు పోసేవాళ్లం. కింద, మంచు అంచున పుట్టే ఏట్లో ఆ రంగు ఎంతసేపటికి కనబడుతుందో రాసుకునేవాళ్లం. త్వరగా వస్తే లోపలి సొరంగాలు తెరిచి ఉన్నట్టు.

రెండో వేసవి ఆగస్టులో నాలుగు రోజులు వరసగా ఎండ మండిపోయింది. ఐదోరోజు పొద్దున పోసిన రంగు మధ్యాహ్నం దాటినా రాలేదు. పైగా రోజూ ఆ వేళకు పొంగే ఏరు మోకాలి లోతైనా లేదు.

నీటిమట్టం కొలిచే పరికరం అవతలి ఒడ్డున ఉంది. అందులో మట్టం గీతగా నమోదయ్యే కాగితం మార్చాలంటే వంతెన దాకా చుట్టూ తిరిగి వెళ్లాలి.

"అన్నయ్యా, ఇవాళ నీళ్లు లేవుగా. ఇక్కడే క్రాస్ చేసేయొచ్చు," అన్నాను.

"ఇంత ఎండలో తగ్గడమేంటి తమ్ముడూ?"

"రాత్రి చలేసింది కదా, అందుకేమో."

నోటికొచ్చింది అన్నాను. రాత్రి చలి వెయ్యలేదు. నాకు ఆకలిగా ఉంది, అంతే.

ఆయన దాటారు, కాగితం మార్చారు. తిరిగి వస్తూ ఏటి మధ్యలో ఉండగా, లారీలు వరసపెట్టి కంకర గుమ్మరిస్తున్నట్టు చప్పుడైంది. ఆ వెంటనే తడిమట్టి వాసనతో గాలి కొట్టింది. "అన్నయ్యా, పరిగెత్తండి!" అని అరిచాను. ఆయన నిలబడి చప్పుడు వైపు చూశారు. మలుపు తిరిగి వచ్చిందాన్ని నీళ్లనలేను. బురద, బండలు, వేళ్లతో సహా చెట్లు, గదులంత మంచుగడ్డలు. నేను గట్టెక్కి పరిగెత్తాను.

రెండు రోజులకు, నాలుగు మైళ్ల కింద, ఆయన శవం దొరికింది.

లోపల ఎక్కడో మంచు విరిగిపడి సొరంగం పూడిందనీ, వెనక నిలిచిన నీరు అడ్డు తెంచుకుని ఒక్కసారిగా వచ్చిందనీ మా ప్రొఫెసర్ వివరించారు. అదంతా నేను చదివిందే. పరీక్షలో రాసిందే. నివేదిక రాయమంటే, ప్రవాహం హఠాత్తుగా తగ్గింది అన్న దగ్గర నా కలం ఆగిపోయింది. మిగతాది ప్రొఫెసరే పూర్తిచేశారు.

అంత్యక్రియల తర్వాత వదిన దగ్గరికి వెళ్లాను.

"ఆయనకి నీళ్లంటే భయం. ఎవరు దిగమన్నారు?" అని అడిగారు.

"నేనే వదినా."

ఆమె లేచి తలుపు తీసి పట్టుకున్నారు. నేను బయటికి వచ్చేశాను.

ఆ చలికాలమే ఆమె డెట్రాయిట్‌లో తన అన్నగారింటికి వెళ్లిపోయారు. రెండు ఉత్తరాలు రాశాను. రెండూ విప్పకుండానే తిరిగొచ్చాయి.