నిచ్చెన కింది మెట్టు

రామచందర్‌కు లెక్క కట్టడమంటే పిచ్చి. నాంపల్లి స్టేషన్ బయట రిక్షా మలుపు తిరిగితే, అది ఎంత వేగానికి పల్టీ కొడుతుందో నిలబడి లెక్క కట్టేవాడు. మొజంజాహీ మార్కెట్లో పండ్లవాడు తక్కెడ ఎత్తితే, దాని కాడ రెండు పక్కలా సమానంగా లేదని నలుగురి ముందూ రుజువు చేసేవాడు. వెంట ఉన్న భార్య వసుమతి, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు పక్క దుకాణం వైపు జరిగిపోయేది.

1956లో నాంపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాడు. ఉర్దూలో చదివి, ఇంగ్లీషులో డిగ్రీ తెచ్చుకుని, తెలుగులో కోప్పడే మనిషి. కాంతి, విద్యుత్తు వంటి దర్జా పాఠాలన్నీ సీనియర్లు పంచుకోగా ఈయనకు మిగిలింది మెకానిక్సు. ఏటా అదే వరస. ముందు వస్తువులు ఢీకొనడం, తర్వాత గుండ్రంగా తిరగడం, చివరికి కదలకుండా నిలబడడం. క్లాసులోకి క్యారంబోర్డు తెచ్చి, స్ట్రైకర్‌తో కాయిన్‌ను కొట్టి, "ఊపు యాడికి పోదురా, చేతులు మారుతది, గంతే" అనేవాడు. సైకిలు చక్రాన్ని గిర్రున తిప్పి, ఇరుసు పిల్లల చేతికిచ్చి, "ఇగ వంచు, చూద్దాం" అనేవాడు. చక్రం మాట వినక పక్కకు గుంజితే క్లాసంతా గొల్లుమనేది. నిలకడ పాఠానికి మాత్రం నిజం నిచ్చెనే కావాలి. ఆ నిచ్చెన మల్లయ్యది.

మల్లయ్య ఆబిడ్స్ దుకాణాలకు బోర్డులు రాసి, తనే ఎక్కి బిగించేవాడు. రామచందర్ ఉండే కాంపౌండులోనే వెనక గదిలో భార్య శంకరమ్మతో, ఆరేళ్ల కూతురితో కిరాయికుండేవాడు. మొగుడు నిచ్చెన ఎక్కితే శంకరమ్మ కింది మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడేది. అతను దిగిందాకా ఆమె దిగేది కాదు. వానొచ్చినా, పిల్ల ఏడ్చినా, ఎవడో వెనక నుంచి ఎకసెక్కాలాడినా దిగేది కాదు. పదేళ్లుగా వాళ్ల పని అట్లాగే సాగింది.

ఏడాదికోసారి మల్లయ్య నిచ్చెన మోసుకుని కాలేజీకి వచ్చేవాడు. రామచందర్ దాన్ని గోడకు ఆనించి పాఠం చెప్పేవాడు. మనిషి పైకి పోయేకొద్దీ నిచ్చెన కాలు వెనక్కి జారాలని చూస్తుంది. నేల దాన్ని పట్టి ఆపుతుంది. ఆ పట్టు చాలినంత సేపు నిచ్చెన నిలుస్తుంది, చాలకపోతే జారుతుంది. కింది మెట్టు మీద ఇంకో మనిషి నిలబడితే కాలు మీద బరువు పెరిగి, నేల పట్టు పెరుగుతుంది. మల్లయ్య తలుపు దగ్గర నిలబడి అంతా వినేవాడు. తన పెళ్లాం చేసే పనికి ఇంత పెద్ద లెక్క ఉందని వాడకట్టంతా చెప్పుకుని మురిసేవాడు.

1968 వేసవిలో అమరేశ్వరరావు అనే ఆయన ఆబిడ్స్‌లో బట్టల దుకాణం తెరిచాడు. బోర్డు మల్లయ్యది. ఉదయం పది నలభైకి ముహూర్తం. ఆ ఘడియకు బోర్డు ఆఖరి బోల్టు బిగించాలి, కింద కొబ్బరికాయ కొట్టాలి. అమరేశ్వరరావు పిల్లలు రామచందర్ దగ్గర ట్యూషన్ చదివారు కాబట్టి ఆయననూ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

గోడ వెంట కొత్త అద్దాల షోకేసు ఉంది. దాన్ని తప్పించడానికి నిచ్చెన కాళ్లను మామూలు కంటే బాగా ఇవతలికి, గడప ముందున్న నున్నటి షాబాదు బండల మీద పెట్టాల్సి వచ్చింది. మల్లయ్య పైనున్నాడు. శంకరమ్మ కింది మెట్టు మీదుంది. సరిగ్గా ఆమె నిలబడ్డ చోటనే హారతి పళ్లెం పెట్టాలని పంతులు పట్టుబట్టాడు. ఫోటో తీసేవాడు కూడా ఆమె అడ్డమన్నాడు.

"జర పక్కకు జరుగమ్మా," అన్నాడు అమరేశ్వరరావు.

"ఆయన దిగినంక జరుగుత, సేటూ," అంది శంకరమ్మ.

ఘడియ దగ్గర పడుతోంది. అమరేశ్వరరావు నవ్వుతూ రామచందర్ వైపు తిరిగాడు. "లెక్చరర్ సాబ్, మీరే చెప్పున్రి. ఈమె లేకుంటే నిచ్చెన నిలవదా?"

అంతమందిలో తనను అడిగారు. అంతే, రామచందర్‌కు ఒళ్లు తెలియలేదు. ఆహ్వానపత్రిక వెనక్కి తిప్పి, పెన్ను తీసి, గోడ గీశాడు, నిచ్చెన గీశాడు, మనిషి బరువు వేశాడు, నిచ్చెన కాళ్లకు చుట్టిన గోనెపట్ట బండను ఎంత పట్టుకుంటుందో వేశాడు. అందరూ తల వంచి చూస్తున్నారు. లెక్క తేలింది. బొటాబొటిగా తేలింది, కానీ తేలింది.

"నిలుస్తది. దిగు శంకరమ్మా, ఏం ఫికర్ లేదు," అన్నాడు.

శంకరమ్మ ఆయన మొహంలోకి చూసింది. చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. దిగింది.

ఆ లెక్కలో తప్పు లేదు, పొడి బండకైతే. పంతులు వరసగా మూడు కాయలు కొట్టాడు. నీళ్లు బండ మీద పారి నిచ్చెన కాలి దగ్గరకు పాకాయి. రామచందర్ చూశాడు. చూడలేదని ఎవరైనా అంటే నమ్మకండి, చూశాడు. తడి బండ పట్టు ఎంతో పన్నెండేళ్లుగా పిల్లల చేత పలకలు తడిపించి కొలిపించిన మనిషి. "ఆగు" అనడానికి నోరు తెరిచాడు. ఇప్పుడే కదా అందరి ముందూ నిలుస్తదన్నాను, ఇంతలోనే మాట మారిస్తే ఏమనుకుంటారు అనిపించింది. నాలుగు క్షణాలు ఆ సిగ్గుకే పోయాయి. నిచ్చెన కాలు జారింది. మల్లయ్య షోకేసు అంచు మీద పడి, అక్కడి నుంచి బండ మీద పడ్డాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు.

సాయంత్రం కాంపౌండులోకి పోలీసు జమేదారు వచ్చాడు. "నిచ్చెన కాడ ఎవరుండిన్రు?" అని అడిగాడు.

"నేను. దిగిన," అంది శంకరమ్మ.

"ఎందుకు దిగినవ్?"

శంకరమ్మ రామచందర్ వైపు చూసింది. ఆయన రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"కాలు నొచ్చింది. దిగిన," అంది శంకరమ్మ. జమేదారు అదే రాసుకుని పోయాడు.

ఆ మాట ఆమెకు ఉరితాడైంది. ఊరి నుంచి అత్త వీరమ్మ, మరిది పెంటయ్య వచ్చారు. "నీ కాలు నొప్పికి నా కొడుకు పాణం తీసినవు గదనే," అని వీరమ్మ పొద్దున మొదలుపెడితే పొద్దుగూకిందాకా ఆపేది కాదు. ఐదో రోజు తేల్చి చెప్పింది. "దినాలు కాంగనే పిల్లను మేం తీస్కపోతం. మొగన్నే కాపాడుకోలేనిది పిల్లనేం సాకుతది?" శంకరమ్మ కాళ్లు పట్టుకుంది. ముసలిది కాళ్లు వెనక్కి తీసుకుంది.

ఇవన్నీ గోడ అవతల రామచందర్‌కు స్పష్టంగా వినబడుతూనే ఉన్నాయి. వసుమతి అన్నం వడ్డిస్తూ, "దిగుమన్నది మీరే అంటగద. ఫోటో తీసినాయన చెప్పిండు," అంది.

"పోలీసులు రాసుకున్నరు. ఇగ నేను పోయి ఏం చెప్పాలె?"

"పిల్లను తీస్కపోతరట."

ఆయన కంచం పక్కకు జరిపాడు. అయినా లేచి పోలేదు. కాలేజీలో తెలిస్తే తన మాటకు విలువేముంటుంది అన్న భయం ఒక పక్క. తనే మల్లయ్యను చంపేశానన్న బాధ ఇంకో పక్క. ఇంత చదువుండి ఆ రెంటిలో ఏది బరువైందో తేల్చుకోలేకపోయాడు. ఒళ్లు మండదూ?

పదకొండో రోజు పిల్లకు జడ వేసి, బట్టలు మూట కట్టి, వీరమ్మ వాకిట్లోకి వచ్చింది. అప్పుడు, అప్పుడొచ్చాడు రామచందర్, చెప్పులు కూడా లేకుండా.

"ఆమె తప్పు లేదు వీరమ్మా. దిగుమన్నది నేను. నా లెక్క నమ్మి దిగింది. బండ మీద నీళ్లు పడ్డయి, నేను చూసి గుడ చెప్పలే."

పెంటయ్య వదిన వైపు తిరిగాడు. "నిజమా? సార్ దిగుమన్నడా?"

"ఔ," అంది శంకరమ్మ.

"మరి పోలీసుకు కాలు నొచ్చిందని ఎందుకు చెప్పినవ్?"

"సార్ గాడనే ఉండె. సారే చెప్తడనుకున్న. చెప్పకపాయె."

వీరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పది దినాలు గోడవతల కూసోని చెప్పని మాట, ఇయ్యాల పిల్లను తీస్కపోతుంటె యాదికొచ్చిందా? మీరు దేవుడసొంటోరు సారూ, దాని ఏడ్పు చూసి జాలి పడ్డరు. మీ లెక్క తప్పుతదంటే నా కొడుకే నమ్మకపోవు."

రామచందర్ బతిమాలాడు. తడి బండ సంగతి, గోనెపట్ట సంగతి చెప్పాడు. వాళ్లు పెద్దమనిషి మాట్లాడుతున్నాడని వినయంగా నిలబడి విన్నారు. విన్నాక పెంటయ్య దండం పెట్టి, పిల్లను చంకన వేసుకున్నాడు. పిల్ల "అమ్మా" అని గేటు దాకా అరిచింది. స్టేషన్ వైపు మలుపు తిరిగాక వినబడలేదు.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. రామచందర్ చేతులు జోడించాడు.

"శంకరమ్మా, ఆ రోజు నువ్వు నా మాట వినకుండా ఉంటే..."

"నాకు ఎరుకే సార్, దిగొద్దని," అంది శంకరమ్మ. "పదేండ్ల సంది తొక్కిన మెట్టు, నాకు తెల్వదా. దిగనంటే గంతమంది ముంగట మీ మాట పోతుండె. గందుకే దిగిన."