పై పోస్టుకు బాట

నవంబరు రెండో వారం, మధ్యాహ్నం మూడింటికి కింది పోస్టు చేరాను. డెబ్బైల దశకం చివరి రోజులు. ఎత్తు పన్నెండు వేల అడుగులు. మోకాలి లోతు మంచు. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, కాళ్లకు రెండు జతల ఉన్ని మేజోళ్లు. వరంగల్‌లో మగ్గం పక్కన పెరిగినవాణ్ణి. మంచంటే అప్పటిదాకా నాకు ఐసు గోలాయే. కొత్తగా హవల్దారునయ్యాను. పన్నెండు మంది మీద పెత్తనం. మీసం కూడా అప్పుడే పెంచాను.

మాకు పైన, శిఖరం కింద, పై పోస్టు. అక్కడ నలుగురు. రెండింటి మధ్య టెలిఫోన్ తీగ, దాని వెంబడి ఒక్క మనిషి పట్టే బాట. రోజూ పదింటికి కిందనుంచి ఇద్దరు, పైనుంచి ఇద్దరు తీగ చూసుకుంటూ నడిచి సగం దారిలో ఒక నల్ల రాయి దగ్గర కలిసేవారు. థర్మాసులో తీసుకెళ్లిన చాయ్ తాగేవారు. ఉత్తరాలు, బీడీలు చేతులు మారేవి. గంటసేపు కబుర్లు చెప్పుకుని ఎవరి దారిన వాళ్లు వెనక్కి వచ్చేవారు. నాకు ఒళ్లు మండింది. ఇది డ్యూటీనా, పెళ్లిచూపులా?

పోగు వృథా అయితే ఊరుకోని ఇంట్లో పెరిగాను. ఒక నోటు పుస్తకం పెట్టి, ఎవరు ఏ గంటలో ఏం చేస్తున్నారో పది రోజులు రాశాను. తీగ ఒక్కసారి కూడా తెగలేదు. డిసెంబరులో ఆర్డర్ ఇచ్చాను: తీగ తెగితేనే మనుషులు వెళ్లాలి. పై పోస్టుకు రేషను నెలకోసారి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఫోనులో రిపోర్టు. మిగిలిన మనుషులతో బంకర్ల కప్పులు బాగుచేయించాను. కంపెనీ కమాండర్ రేడియోలో "శభాష్" అన్నాడు. రెండు రోజులు కాలు నేల మీద ఆనలేదు.

పై పోస్టులో టెలిఫోన్ తీగ చూసే లైన్‌మన్ మనవాడే, పాలకుర్తి దగ్గరి రైతుబిడ్డ. ఇరవై ఆరేళ్లు. నన్ను అన్నా అని పిలిచేవాడు. రిపోర్టు అయ్యాక ఇద్దరం రెండు ముక్కలు తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. ఆర్డర్ అందిన రోజు అడిగాడు.

"అన్నా, రాయి కాడికి ఇగ ఎవ్వరు రారా?"

"తీగ మంచిగుంటే ఎందుకురా? చాయ్ తాగుటానికా?"

"గట్లనే కానియ్ అన్నా," అన్నాడు.

పదహారు రోజులు గడిచాయి. మంచు నడుం దాకా పడింది. పదహారో రోజు సాయంత్రం ఫోనులో దగ్గు వినిపించింది.

"ఏమైందిరా?"

"ఏం ఫికర్ లేదన్నా. జర సర్ది. మంచిగనే ఉన్న."

ప్రాణం మీదికొచ్చినా మన దిక్కు "మంచిగనే ఉన్న" అంటారని నాకు తెలియదా? తెలుసు. గోలీ వేసుకొమ్మని ఫోను పెట్టేశాను. పుస్తకంలో "అంతా బాగు" అని రాశాను.

మర్నాడు ఆరింటికి పై పోస్టు బాధ్యుడు నాయక్ మాట్లాడాడు. లైన్‌మన్ పెదవులు నీలంగా మారాయి, దగ్గితే నురగ వస్తోంది. ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బు అది. దానికి మందు ఒక్కటే, వెంటనే కిందికి దించడం. ఆ మంచులో ముగ్గురే మోసుకుని దిగలేరు. ఆరూ నలభైకి స్ట్రెచరుతో ఆరుగురం బయల్దేరాం. బాట ఉంటే రెండున్నర గంటలు. బాట లేదు. రోజూ నలుగురు తొక్కితేనే అది బాటగా ఉండేది. తొక్కేవాళ్లను నేనే ఆపాను. ముందున్నవాడు పారతో తవ్వాలి, పది నిమిషాలకు ఇంకొకడు పార అందుకోవాలి.

తొమ్మిదింటికి చేతి టెలిఫోన్ తీగకు తగిలించాను. వాడే ఎత్తాడు.

"అన్నా... యాడిదాక వచ్చిన్రు?"

"వచ్చినంరా. దగ్గర్నే ఉన్నం."

అబద్ధం. నల్ల రాయి కూడా ఇంకా కనబడలేదు.

"పైలంగ రాన్రి అన్నా. మంచు మస్తున్నది."

పదకొండున్నరకు మళ్లీ తగిలించాను. ఈసారి నాయక్ ఎత్తాడు. ఇక తొందర లేదు సాబ్, అన్నాడు. మాట స్పష్టంగా వినిపించింది. ఆ చలికాలమంతా ఆ తీగ ఒక్కసారీ తెగలేదు.

మా నర్సింగ్ అసిస్టెంటు కేరళవాడు. మా ఇద్దరి మధ్య హిందీయే. రోజూ రాయి దగ్గరికి వెళ్లిన ఇద్దరిలో ఎప్పుడూ ఒకడు అతనే. లైన్‌మన్‌ను కిందికి తెచ్చిన మర్నాడు నాతో అన్నాడు: "చాయ్ తాగడానికి చేతి తొడుగులు తీస్తారు కదా సాబ్. అప్పుడు నీలం పడ్డాయేమోనని గోళ్ల రంగు చూసేవాణ్ణి. కిందటేడు ఒకణ్ణి అలాగే కనిపెట్టి దించాం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తీగ గురించే అడిగారు."

నిజమే. అందరి పనీ విడివిడిగా కొలిచాను. ఏ పని ఏ పనికి ముడిపడి ఉందో ఒక్కరినీ అడగలేదు. ఆ చాయ్‌లోనే బాట ఉంది, దవాఖాన ఉంది. ఒక పోగు లాగితే పడుగంతా కదులుతుందని సాలె ఇంట్లో పుట్టినవాడికి ఇంకొకరు చెప్పాలా? విచారణలో వాతావరణమే కారణమని తేల్చారు. నా మీద మాట రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఎనభైల్లో పింఛనుతో ఇంటికొచ్చాను. మొన్న మా చేనేత సంఘం కొత్త కార్యదర్శి ఒక మాటన్నాడు. పొద్దున్నే గల్లీ అంతా కలిసి పడుగుకు గంజి పెడుతుంటే సగం మంది ఊరికే నిలబడుతున్నారట, వాళ్లను తగ్గించాలట. నేను లేచాను. "ఆ నిలబడ్డోళ్లు ఏం జేస్తున్నరో ముందుగాల వాళ్లనే అడుగు బిడ్డా," అన్నాను. కూర్చున్నాను.

పింఛనుతో ఇంటికొచ్చిన వారంలోనే పాలకుర్తి వైపు వెళ్లి లైన్‌మన్ భార్యను కలిశాను. "ఒక్కడే ఉండెనా అన్నా?" అని అడిగింది. "లేదమ్మా, ముగ్గురు పక్కనే ఉండిరి," అన్నాను. ఇంకొక సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

స్ట్రెచరుతో బయల్దేరిన ఆ రోజు ఒంటిగంట దాటింది. నడుం లోతు మంచులో ఎక్కుతుంటే, ఉన్నట్టుండి నా కాలికి గట్టి నేల తగిలింది. మనిషి పట్టే బాట. రెండు పక్కలా పారతో తిన్నగా చెక్కిన మంచు గోడలు. బంకరు తలుపు దాకా. లైన్‌మన్ రోజూ పదింటికి పార పట్టుకుని దిగేవాడని నాయక్ తర్వాత చెప్పాడు. ఆర్డర్ లేదు కదరా అంటే, మా అన్న మళ్లీ మనుషుల్ని పంపుతాడు, బాట ఉండాలి అనేవాడట. మొదట్లో రాయి దాకా తవ్వాడు. ఊపిరి అందని కొద్దీ రోజురోజుకీ తగ్గింది. చివరికి మిగిలింది నూట యాభై అడుగులు.

వాడు లేడని మాకు తెలుసు. అయినా ఆ నూట యాభై అడుగులూ పరుగెత్తాం.