ఖైతాన్‌లో ఆటల గంట

మొన్న శుక్రవారం కువైట్ నుంచి మా కోడలు ఫోన్ చేసింది. అబూ హలీఫాలో వాళ్ళుండే వీధి చివర, బడి వదిలాక పిల్లల్ని చూసుకొనే క్లబ్బు ఒకటి తెరిచారట. మనవరాలిని అక్కడ చేర్పిద్దామనుకుంటున్నారట. ఏసీ ఉందట, గోడల నిండా బొమ్మలట, బిడ్డ ఏం చేస్తోందో తల్లి తన ఫోనులోనే చూసుకోవచ్చునట. అన్నీ చెప్పి, "అత్తా, నువ్వు ఆ పని చేసినదానివి కదా, చేర్చే ముందు ఏం చూడల్ల?" అని అడిగింది. పిల్లలు ఆడుకునేటప్పుడు ఆయమ్మ నేల మీద కూర్చుంటాదో, కుర్చీలో కూర్చుంటాదో చూడమ్మా అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలాసేపు పొయ్యి వెలిగించకుండా వంటింట్లో ఊరికే నిలబడిపోయాను.

మీలో ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవాళ్ళుంటే నా సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. రాజంపేట దగ్గర పల్లె నుంచి, రెండేళ్ళ కొడుకును మా అమ్మ ఒళ్ళో పెట్టి, ఇరవై నాలుగేళ్ళ వయసులో కువైట్‌లో దిగాను. మొదటి ఏడాది అర్దియాలో ఒక ఇంట్లో చేశాను. ఆ ఇంటి పిల్లలు బడికి పోవడం మొదలయి నాతో అవసరం తగ్గినాక, మేము మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు నన్ను ఖైతాన్‌లో తనకు తెలిసిన టీచరమ్మ దగ్గరికి పంపింది. అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, ఇఖామా, మాత్రం ఆ ఇంటి పేరనే ఉండేది, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోనే.

టీచరమ్మది కేరళ. పొద్దున బడిలో పాఠం చెప్పి వచ్చి, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తన ఫ్లాటు ముందుగదిలో ఏడెనిమిది మంది పిల్లల్ని పెట్టుకొని చూసుకునేది. ఆస్పత్రుల్లోనూ దుకాణాల్లోనూ పనిచేసే మనవాళ్ళ బిడ్డలు వాళ్ళంతా. నాకంటే ముందున్న ఆమె వాళ్ళకింత అన్నం పెట్టి, వీడియో క్యాసెట్టు వేసి, తాను బాల్కనీలో కూర్చునేదట. అందుకే ఆమెను మాన్పించారు. నిజం చెప్పాలంటే నేనూ మొదట ఆ పని అంతేననుకున్నాను: కడుపు నింపడం, ముక్కు తుడవడం, పడిపోకుండా చూడడం. టీచరమ్మే ఓపికగా, తనకు వచ్చిన హిందీలో నాకు నేర్పింది. బిడ్డ లోపలికి రాగానే సంచి అందుకోవడం కాదు, ముందు మొహం చూడు అనేది. అన్నం, గంట నిద్ర, హోంవర్కు, ఆ తర్వాత ఒక గంట ఆట. ఆ ఆటల గంటలో ఎవరొచ్చి తలుపు కొట్టినా లేవకూడదని ఆమె కట్టడి. ఖర్జూరపు గింజలతో అచ్చంగిల్లాలు, సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు, మా ఊరి దాగుడుమూతలు... నా చిన్నప్పుడు ఆడక మిగిలిపోయిన ఆటలన్నీ ఆ గదిలోనే ఆడాననిపిస్తుంది. ఆడుతూ ఆడుతూ ఒక్కోసారి, ఈ వేళకు నా కొడుకు ఎవరితో ఆడుకుంటున్నాడో అనుకునేదాన్ని.

పిల్లల్లో ఒక పాప, ఆరేళ్ళది, ఎప్పుడూ అందరికంటే చివర పోయేది. వాళ్ళమ్మ నర్సు, గోదావరి జిల్లా మనిషి. భర్త పోయాక బిడ్డను వెంటబెట్టుకొని ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ ఉండేది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని.

ఆ ఎండాకాలం బడి సెలవులకు టీచరమ్మ కేరళ పోయింది. చాలా కుటుంబాలు ఊళ్ళకు పోగా, మిగిలిన నలుగురు పిల్లలను పగలంతా నేనే చూసుకుంటున్నాను. ఆగస్టు నెల మొదట్లో ఒక గురువారం, ఇంకా వెలుగు రాకముందే నర్సక్క పాపను నా దగ్గర దించి డ్యూటీకి పోయింది. ఆమె పోయిన కాసేపటికే ఉరుములాంటి చప్పుళ్ళు మొదలయ్యాయి. ఇరాక్ సైన్యం వచ్చేసిందని పక్క ఫ్లాటు ఆయన తలుపులు కొట్టి మరీ చెప్పాడు. ఆ పొద్దు మిగతా ముగ్గురు పిల్లలు రానే లేదు. సాయంత్రానికి నర్సక్కా రాలేదు. ఫోన్లు పనిచేయలేదు. అర్దియాలో మామా వాళ్ళు సౌదీకి వెళ్ళిపోయారని రెండు మూడు రోజులకు తెలిసింది. అంటే ఆ దేశంలో నన్ను ఎరిగినవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు, నాకు ఆ పాప, పాపకు నేను.

ఏం చేయాలో తోచక, టీచరమ్మ పెట్టిన పద్ధతినే పట్టుకున్నాను. ఖుబ్బుస్ రొట్టెల కోసం పాపను చంకనేసుకొని వరుసలో నిలబడి తెచ్చేదాన్ని. తినడం, నిద్ర, రాత, ఆట, అన్నీ వేళకే. ఆటల గంటకు పాప తక్కిన పిల్లల పేర్లన్నీ పిలిచి హాజరు వేసేది. పిలిచి కొంచెం ఆగి, "రాలేదు" అని తనే చెప్పేది. దాగుడుమూతలకు ఇద్దరమే. ఒకరోజు చప్పుడు దగ్గర్లో వినబడితే, దాక్కున్న మంచం కింద నుంచి ఎంత పిలిచినా బయటికి రాలేదు. నేనూ మంచం కిందికే దూరి, ఆ వేడిలో, దాని వీపు నిమురుతూ పడుకున్నాను. ఏడుపు నాకొచ్చింది గానీ దానికి రాలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నర్సక్క వచ్చింది. మాసిపోయిన ఆస్పత్రి బట్టల్లోనే, ఎవరిదో అంబులెన్సులో. అది కింద ఆగింది, అరగంటలో వెనక్కి పోవాలట. తల్లి గొంతు వినగానే పాప పరుగెత్తుకొస్తుందనుకున్నాను. అది చటుక్కున పోయి తలుపు వెనక దాక్కుంది. కాళ్ళు రెండూ బయటికి కనబడుతున్నాయి. నర్సక్క ఆ కాళ్ళ వైపు చూసి, కళ్ళు తుడుచుకొని, "మా అమ్మాయేదండీ, ఇక్కడెక్కడా లేదే" అంటూ వంటింట్లో వెతికింది, మంచం కింద వెతికింది, ఖాళీ డబ్బాల మూతలు తీసి చూసింది. ఉన్న అరగంటలో పది నిమిషాలు ఆమె అలా వెతికింది. చివరికి తలుపు వెనకనుంచి నవ్వు వినబడింది. ఆ తొమ్మిది రోజుల్లో పాప నవ్వడం అదే మొదలు.

నర్సక్క పాపను ఒళ్ళో పెట్టుకొనే నాతో మాట్లాడింది.

"మనోళ్ళని బొంబాయికి పంపించేస్తున్నారంట, దీన్ని నీతో తీసుకెళ్ళిపోమ్మా. మా తమ్ముడు బొంబాయిలోనే ఉన్నాడు, వాడికి అప్పజెప్పు."

"నువ్వూ రాక్కా. నువ్వు ల్యాకుంటే పాప యట్ల ఉంటాది?"

"నేను రాలేను. వార్డులో లేవలేనోళ్ళు పదకొండు మంది ఉన్నారు. నేనొచ్చేస్తే వాళ్ళకి నీళ్ళిచ్చే మనిషి లేదు."

నా బిడ్డను వదిలొచ్చిన నేను ఆమెకేం చెప్పగలను? తమ్ముడి నంబరు రాసిన చీటీని పాప గౌను లోపల కుట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పాస్‌పోర్టు లేని నాకు రాయబార కార్యాలయంలో ఇచ్చిన కాగితమొక్కటే ఆధారం. బాగ్దాదు మీదుగా జోర్డాన్ దాకా బస్సులు, ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం తోపులాట. దారి పొడవునా పాప నా కొంగు చివర తన వేలికి చుట్టుకొనే ఉంది. ఎవరైనా ఈ పిల్ల నీకేమవుతుందని అడిగితే నా కూతురేనని చెప్పాను. బొంబాయిలో దిగి ఫోన్ చేయిస్తే, ఆ సాయంత్రమే మేనమామ వచ్చాడు. అప్పటికి పాప నా భుజం మీద నిద్రపోతోంది. లేపితే ఏడుస్తుందేమోనని ఆయన, లేపితే ఇవ్వలేనేమోనని నేను, అలాగే మెల్లగా చేతులు మార్చుకున్నాం.

మా ఊరు చేరేసరికి నా కొడుకుకు నాలుగేళ్ళు దాటాయి. వాడు మా అమ్మ కొంగు పట్టుకొని, "అవ్వా, ఎవరీమె?" అని అడిగాడు. పరాయి పిల్లలకు ఇంతకాలం అమ్మలా మెలిగినదాన్ని, నా బిడ్డను ఆటలోకి ఎలా పిలవాలో తెలియక గడపలో నిలబడ్డాను. వాడు దగ్గరికి వచ్చాడు, నిదానంగా, ఏడాది పట్టింది. ఇప్పటికీ నన్నెంతో గౌరవంగా చూస్తాడు. అలగడమంటూ వాడికి నా దగ్గర ఎప్పుడూ లేదు.

యుద్ధం ముగిశాక నర్సక్క నుంచి ఒక ఉత్తరం వచ్చింది, బిడ్డను చేరుకున్నానని. తర్వాత మేము ఇల్లు మారాం, ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ పాపకు ఇప్పుడు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఈ రోజుల్లో ఎవరినైనా ఫోనులో వెతికి పట్టుకోవచ్చునంటారు. ఆ కాలంలో తల్లి ఎక్కడుందో బిడ్డకు తెలియకుండా తొమ్మిది రోజులు గడిచిపోయేవి, ఇప్పుడు తొమ్మిది నిమిషాలు తెలియకపోతే ఓర్చుకోలేరు. మంచిదే. కానీ నేనెవరినీ వెతకమనలేదు. నేను గుర్తుండాలంటే దానికి ఆ చప్పుళ్ళూ, మంచం కింద చీకటీ గుర్తుండాలి. నన్ను మరిచిపోయి సుఖంగా ఉంటే, ఆ తొమ్మిది రోజులూ దాన్ని సరిగా చూసుకున్నట్టేనని ఎంచుకుంటాను. అయినా కొన్ని సాయంత్రాలు, వీధిలో పిల్లల అలికిడి లేని ఈ ఊళ్ళో, పాప హాజరు వేసిన ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా నోట్లోనే పిలుచుకుంటాను.