ఐదు నిమిషాల బ్రేకు, మిర్యాలగూడ బస్సు

ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాక, నాకు పాఠం చెప్పడం వచ్చునో రాదో తేల్చుకోవడానికి టెట్ పరీక్ష రాయమన్నారు. పాస్ కాకపోతే ఉద్యోగం పోతుందన్నారు. భయంతో అన్నం సయించేది కాదు.

అప్పుడే మా ఆయన సూర్యాపేటలో ఏదో ఆఫీసు ట్రైనింగుకు వెళ్లి, కోదాడలో మా ఇంటికి ఒక మంత్రం పట్టుకొచ్చారు.

"వరసబెట్టి సదివితే బుర్ర మొద్దుబారుతది. ఇరవై ఐదు నిమిషాలు సదువు, ఐదు నిమిషాలు బ్రేకు. ఎట్ల ఎక్కుతదో సూడు!" అని నా ఫోన్‌లో అలారం కూడా ఆయనే పెట్టారు.

ఆ అలారం నాకంటే ఇంట్లోవాళ్లకే బాగా పనికొచ్చింది. అది మోగడమే ఆలస్యం, "బ్రేకే గద, జర చాయ్ పెట్టు" అని హాల్లోంచి ఆయన. "బ్రేకేనా అమ్మా, ఆ కుక్కర్ సంగతి చూడు" అని అత్తయ్య. మోటారు ఆపడం, మిద్దె మీద బట్టలు తీయడం కూడా నా విశ్రాంతిలోనే. బ్రేకు ఎప్పుడు అయిపోతుందా, కాసేపు కూర్చుందామా అని ఎదురుచూసేదాన్ని. వారమైనా శిశు మనస్తత్వం పుస్తకంలో రెండో అధ్యాయం దాటలేదు.

ఆదివారం ఒళ్లు మండి, పుస్తకం సంచిలో వేసుకుని, టెట్ క్లాసులున్నాయని ఇంట్లో చెప్పి బస్టాండుకు వెళ్లాను. ఎదురుగా మిర్యాలగూడ బస్సుంటే ఎక్కేశాను. ఆడవాళ్లకు ఎలాగూ ఉచితమే. కిటికీ పక్క సీటు దొరికింది. హుజూర్‌నగర్ దాటినా నన్నెవరూ చాయ్ అడగలేదు. మిర్యాలగూడలో దిగి, ఎవరో పెట్టిన చాయ్ కూర్చుని తాగి, మళ్లీ చదువుకుంటూ వెనక్కి వచ్చాను. ఇక ప్రతి ఆదివారం అదే పని.

మూడో వారం కండక్టర్ ఉండబట్టలేక అడిగాడు.

"మేడమ్, మిర్యాలగూడల మీకేం పని?"

"ఏ పనీ లేదన్నా. అందుకే పోతున్న."

పాసయ్యాను. ఆనందంతో ఏడ్చాను కూడా. నేను కళ్లు తుడుచుకునేలోపే మా ఆయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "అంత నా ఫార్ములానే! ఇరవై ఐదు, ఐదు!" అని చెప్పుకున్నారు. ఒళ్లు మండినా కాదనలేదు. కాదంటే బస్సు సంగతి బయటపడుతుంది.

ఆ తర్వాతి ఆదివారం చెప్పులేసుకుంటుంటే ఆయన అడిగారు. "పరీక్ష అయిపాయె గద, ఇంక క్లాసులేంది?"

"ఇంకో పరీక్ష ఉందట" అన్నాను, పుస్తకం లేని సంచిని భుజానికి తగిలించుకుంటూ.