నారింజ రంగు కోటు

టైలరమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు మందు డబ్బా అడిగి తీసుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపుతుంది. కళ్ళు మూసుకుంటుంది.

"తొమ్మిది," అంటుంది.

మూత తీసి చూస్తే తొమ్మిదే ఉంటాయి, మహా అయితే పది. గుండీల డబ్బా ఊపి, ఉన్నవి ఒక చొక్కాకి సరిపోతాయో లేదో ఇరవై ఏళ్ళు చెప్పిన చెవి అది. ఏడు ఉండాల్సిన చోట తొమ్మిది ఉన్నాయంటే రెండు రోజులు మింగలేదన్నమాట. అలాంటప్పుడు ఆమె తిట్టదు. ఆ రెండు రోజులూ ఏం జరిగిందో చెప్పేదాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఇంతకంటే తిట్టినా బాగుండునంటాడు ఆమె దగ్గర మందు తీసుకునే లారీ డ్రైవరొకడు.

పోయిన మొగుడు ఆమెకి మూడు వదిలి వెళ్ళాడు: ఒక కుట్టుమిషను, ఒక ఆడపడుచు, హెచ్.ఐ.వి. మూడింటిలో రోజుకో మాత్రతో అదుపులో ఉండేది చివరిదొక్కటే.

ఆసుపత్రి రెండు బస్సుల దూరం. అక్కడి వరసలో నిలబడితే ఒక రోజు పని పోతుంది, తెలిసినవాళ్ళు కనపడితే పరువు పోతుంది. అందుకని ఆ వీధిలో పదమూడు మందికి మందులు అందించే పని ఆసుపత్రివాళ్ళు టైలరమ్మకి అప్పగించారు. ఆమె కొలతల టేపు మెడలో వేసుకుని, గుడ్డసంచిలో డబ్బాలు పెట్టుకుని బయల్దేరేది. దర్జీ మనిషి ఇంట్లోకి ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. సంచి గలగలమంటే గుండీలనుకుంటారు. తొమ్మిదేళ్ళలో ఒక్కరి గుట్టు కూడా బయటపడలేదు.

పైఆఫీసుకి ఇదే నచ్చలేదు. ఏటా పంపే ఫోటోల్లో మందులిచ్చే కార్యకర్త ఎవరో, వీధిలో పోయేవాళ్ళెవరో తెలియడం లేదట. అందుకని కోట్లు కుట్టించి పంపారు. నిండు నారింజ రంగు. వీపు మీద జానెడు అక్షరాలు: హెచ్.ఐ.వి. ఇంటింటి సేవ. దాని కింద కాస్త చిన్నగా: మీ రహస్యం మా బాధ్యత.

టైలరమ్మ కోటు తిరగేసి చూసింది.

"చంకలు బిగదీశారు సార్. చెయ్యెత్తితే పిగులుతుంది."

"చెయ్యెందుకమ్మా ఎత్తడం?" అన్నాడు సూపర్వైజరు.

"తలుపు కొట్టాలి కదా. అయినా ఇది వేసుకుని వెళ్తే తీసేవాళ్ళెవరులెండి."

సూపర్వైజరు మంచివాడే. తల గోక్కున్నాడు. "నాకు తెలీదా? కానీ ఆర్డరు వచ్చింది. కోటు లేకుండా ఇళ్ళకి వెళ్ళకూడదు. ఇంట్లో తప్ప ఇంకెక్కడా మందు ఇవ్వకూడదు. కాదంటే నీ బదులు ఇంకొకరిని చూడమంటున్నారు. రేపు నేనే వచ్చి వీధి చివర నిలబడి చూడాలట."

"చూడండి. నీడ ఉన్నచోట నిలబడండి."

ఆ సాయంత్రం బడి పంతులమ్మ జాకెట్టు సరిచేయించుకునే మిష మీద కొట్టుకి వచ్చింది. బడిలో ఎవరికీ ఆమె సంగతి తెలియదు. తెలిస్తే పిల్లల్ని మాన్పించేవాళ్ళున్నారు. డబ్బా కూడా తెచ్చింది. టైలరమ్మ ఊపింది.

"రెండు."

"ఒకటి ఇవాళ్టికి, ఒకటి రేపటికి," అంది పంతులమ్మ. గోడకి తగిలించిన కోటు వంక చూసి, "అక్కా, నీకో దణ్ణం. అది వేసుకుని మా ఇంటికి మాత్రం రాకు. వచ్చినా తలుపు తియ్యను."

"మరి ఎల్లుండి ఏం మింగుతావు?"

"మానేస్తాను."

"నువ్వు మానితే అది మానదమ్మా. ఇన్నాళ్ళూ పడుకున్నది లేచి కూర్చుంటుంది. మళ్ళీ ఇదే మాత్రకి లొంగుతుందని నమ్మకం లేదు."

"వీధంతా చూస్తుండగా నా ఒక్క గుమ్మం ఎక్కుతావు. ఆ తర్వాత నేను బతికినా ఒకటే."

ఆమె వెళ్ళాక ఆడపడుచు లోపలినుంచి వచ్చింది. విననట్టు నటించడం ఆమెకి చేతకాదు.

"ఏం చేస్తావు వదినా? కోటు తగలెడతావా?"

"మంచి గుడ్డ. ఎందుకు తగలెట్టడం?"

"మా అన్నయ్యా ఇంతే. ఏదీ తేల్చి చెప్పేవాడు కాదు."

టైలరమ్మ మిషను ముందు కూర్చుని కోటు చంకల కుట్లు విప్పింది. రెండువేళ్ళ వెడల్పు ముక్క అతికి వదులు చేసింది. మధ్యలో ఆగి, వీపు మీది అక్షరాలు ఒక్కొక్కటే వేలితో తడిమి చదివింది.

"మన వీధిలో ఇళ్ళెన్ని?" అని అడిగింది.

"నలభై ఒకటి. ఏం?"

"ఏం లేదు. రేపు వంట నువ్వు చెయ్యి."

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ కోటు వేసుకుని మొట్టమొదట పిండిమర ఆవిడ తలుపు కొట్టింది. పిండికంటే కబుర్లు ఎక్కువ పట్టే మనిషి ఆవిడ. కోటు చూసి తెల్లబోయింది.

"ఇదేంటి, మా ఇంటికొచ్చావు? మాకెవరికీ లేదు తల్లీ."

"ఇంటింటి సేవ అని రాశారు కదా వదినా. నీది ఇల్లు కాదా?"

పావుగంట కూర్చుని టీ తాగింది. ఆ జబ్బు ఎలా వస్తుందో, ఎలా రాదో చెప్పింది. లేచేముందు మోకాళ్ళనొప్పుల మాత్రల డబ్బా అడిగి, ఊపి, "పన్నెండు," అంది. పిండిమర ఆవిడ లెక్కపెట్టుకుని నోరు తెరిచింది. ఆ తర్వాత రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఒక్క గుమ్మం వదల్లేదు. వీధి చివర గొడుగు కింద సూపర్వైజరు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ, మధ్యలో లెక్క తప్పి ఊరుకున్నాడు.

పదిహేడో ఇంటికి వచ్చేసరికి కోటు వీపంతా చెమటకి తడిసింది. ఎదురరుగు మీద పిండిమర ఆవిడ పక్కింటామెతో అంటోంది: "మా ఇంట్లో పావుగంట కూర్చుంది. మీ ఇంట్లో ఎంతసేపే? అయిదు నిమిషాలేనా?"

పంతులమ్మ తలుపు తీసింది. టైలరమ్మ లోపలికి వెళ్ళి డబ్బా తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. కళ్ళు మూసుకుంది.

"ఒకటి."

కొత్త డబ్బా చేతికిచ్చి, అక్కడా పావుగంట కూర్చుంది. తర్వాత బయటికి వచ్చి పద్దెనిమిదో ఇంటి తలుపు కొట్టింది.