జీవరత్నం చేసిన నిమ్మకాయ కేకు

జీవరత్నం ముప్పై ఏళ్లు నరసరావుపేట–మాచర్ల బస్సులో కండక్టరుగా చేశాడు. పల్నాడు ఎండల్లో కిక్కిరిసిన బస్సుని గొంతుతోనే అదుపులో పెట్టిన మనిషి. ఇంట్లో మాత్రం వంటగదివైపు తొంగిచూసింది లేదు. రిటైరయ్యాక వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ఆటోల్లో ఎంతమంది ఎక్కారో చూస్తూ పొద్దుపుచ్చేవాడు.

ఆ ఏడు భార్య సుందరికి అరవై నిండుతున్నాయి. బేకరీ కేకు మీద క్రీము చూస్తేనే ఆమెకి వెగటు. నిమ్మకాయ వాసనంటే మాత్రం ప్రాణం. "నిమ్మకాయతో కేకు చేస్తారంట, ఎట్టుంటదో" అని ఓసారి టీవీ ముందు కూర్చుని అన్న మాట జీవరత్నం మనసులో పెట్టుకున్నాడు.

పుట్టినరోజు పొద్దున సుందరి చర్చికి, స్త్రీల ప్రార్థనకి వెళ్లింది. ఆమె సందు మలుపు తిరగ్గానే ఆయన పక్కింటి గోడ దగ్గరికి పరిగెత్తాడు.

"చెల్లెమ్మా, నిమ్మకాయ కేకు చెయ్యాల. స్టవ్ వెలిగించేకాడ్నించి చెప్పు."

అక్తర్ బేగం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మైదా, పంచదార, పెరుగు, నూనె, చిటికెడు వంటసోడా. నిమ్మకాయ పైతొక్కే తురుము అన్నయ్యా, లోపలి తెల్లది తగిలితే చేదొస్తది. రసం ఆఖర్న పిండు. కుక్కర్లో ఉప్పు పోసి, దాని మీద గిన్నె పెట్టు. రబ్బరూ విజిలూ తీసేసి మూతెయ్యి. సన్నసెగ."

అన్నీ చెప్పినట్టే చేశాడు. కనుబొమల దాకా మైదా అంటింది. నిమ్మరసం పడగానే పిండి బుసబుసా పొంగితే రెండడుగులు వెనక్కి గెంతాడు. చివరికి గిన్నెను కుక్కర్లోకి దించి, స్టూలు మీద కూర్చున్నాడు. మూడు విజిళ్లు వస్తే కట్టెయ్యాలని ఆయన లెక్క.

విజిల్ రాలేదు. ముప్పై ఏళ్లు తన విజిల్ కోసం డ్రైవర్లను కాచుకునేలా చేసినవాడు, కుక్కర్ ముందు బుద్ధిగా కాచుకున్నాడు. గంట దాటింది.

గోడ అవతల్నించి కేక వినబడింది. "అన్నయ్యా! మాడు వాసనొస్తంది!"

"ఇంకా ఒక్క విజిలన్నా రాలేదు చెల్లెమ్మా!"

"తీసేసినాక యాడ్నించి వస్తది?"

జీవరత్నం చొక్కా జేబు తడుముకున్నాడు. విజిల్ అందులోనే ఉంది.

సరిగ్గా అప్పుడే సుందరి బైబిలు చేతపట్టుకుని లోపలికొచ్చింది. వంటగది నిండా పొగ, నేలంతా పిండి, మధ్యలో మొగుడు.

"ఏందయ్యా ఇది?"

"నీ పుట్టినరోజు" అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆమె గిన్నె బోర్లించింది. అడుగంతా బొగ్గు. పైభాగం మాత్రం లేత పసుపు రంగులో మెత్తగా ఉంది. కత్తితో మాడింది తీసేసి, ఓ ముక్క నోట్లో వేసుకుంది. చెకింగు ఇన్‌స్పెక్టర్లకే బెదరని జీవరత్నం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె రెండో ముక్క తీసుకుంది.

"పులుపు సరిపోయింది. చానా బాగుంది" అంది. మిగిలిన దాంట్లో సగం గోడ మీదుగా అక్తర్ బేగానికి అందించింది.

మరుసటి వారం ఆయన మాడకుండా చేశాడు. ఆ పై వారం సుందరి దాన్ని చర్చికి పట్టుకెళ్లి, "మా ఆయన చేశాడు" అంటే ఎవరూ నమ్మలేదు. దాంతో నలుగురు ఆడవాళ్లను ఇంటికే వెంటబెట్టుకొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి ఆయన చేత చేయించింది. కేకు కుదిరింది.

ఈ మధ్య బత్తాయితో ప్రయత్నిస్తున్నాడు. అది మాత్రం ఇంకా చేదుగానే వస్తోంది.